గులాబీల కాలంలో జుకామ్: హకీం రాజీ జీవితం నేర్పే పాఠం

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధిలో ఒకసారి ఒక వ్యక్తి తుమ్మాడు. అల్లాహ్ అతన్ని కరుణించాలని ఆయన (స) దుఆ చేశారు. ఆ వ్యక్తి మళ్ళీ తుమ్మాడు. అప్పుడు ఆయన (స) ఇతనికి జలుబు చేసిందని అన్నారు. హజ్రత్ సలమా బిన్ అక్వా (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. చూడటానికి ఇది చాలా చిన్న విషయం. కాని ఇందులో మనకు రెండు పాఠాలు ఉన్నాయి. తుమ్మినవారి కోసం దుఆ చేయాలి. తుమ్ములు ఆగకపోతే అది వ్యాధి అని గుర్తించాలి.

మన ఇళ్ళలో మొదటి పాఠం అందరికీ తెలుసు. రెండోదే మరచిపోతున్నాం. ఏటా ఒకే కాలంలో, తెల్లవారగానే వరుసగా పది పదిహేను తుమ్ములు తుమ్మే పిల్లవాడు మనలో చాలామంది ఇళ్ళలో ఉంటాడు. ముక్కు నీళ్ళలా కారుతుంది, కళ్ళు ఎర్రబడతాయి, రాత్రి నోటితో గాలి పీలుస్తూ నిద్రపోతాడు. చల్లనీళ్ళు తాగాడని ఒకరు, నజర్ తగిలిందని మరొకరు అంటారు. మామూలు జుకామే కదా, దానంతట అదే పోతుందని ఇంకొకరు సర్దిచెబుతారు. అది నిజంగానే కొన్ని వారాలకు పోతుంది. మళ్ళీ సంవత్సరం అదే నెలలో తిరిగి వస్తుంది.

ఇలా కాలాన్ని బట్టి వచ్చిపోయే జుకామ్ గురించి దాదాపు 1,100 ఏళ్ళ క్రితమే ఒక ప్రత్యేక గ్రంథం రాసిన మహా వైద్యుడు ఉన్నాడు. ఆయనే అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా అర్-రాజీ. యూరప్ వారు రేజెస్ అని పిలుచుకున్నది ఈయననే. ఆయన జీవిత విశేషాలను పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచాలని మేము భావించాము.

రయ్ నగరంలో

రాజీ క్రీ.శ. 865లో, అంటే హిజ్రీ 251లో, ఇరాన్‌లోని రయ్ నగరంలో జన్మించాడు. రాజీ అనే పేరుకు అర్థం రయ్ వాస్తవ్యుడు అని. నేటి టెహ్రాన్ నగరం పక్కనే ఆ ఊరు ఉంది. యౌవనంలో ఆయనకు సంగీతం మీద ఆసక్తి ఉండేదని, తర్వాత లోహాలను కరిగించి మార్చే రసవాద విద్యలో మునిగిపోయాడని చరిత్రకారులు రాశారు. కొలిమి దగ్గర పొగలు, ఆవిరుల మధ్య పనిచేయడం వల్ల ఆయన కళ్ళు దెబ్బతిన్నాయని కూడా చెబుతారు.

వైద్య విద్య వైపు ఆయన మళ్ళింది ఆలస్యంగానే. అప్పటికే ముప్పై ఏళ్ళు దాటాయని చాలామంది చరిత్రకారుల మాట. చదువుకు వయసు మించిపోయిందని నిరాశపడేవారికి ఇది ఒక కనువిప్పు. ఆలస్యంగా మొదలుపెట్టినా ఆయన తన కాలపు వైద్యులందరిలో అగ్రగణ్యుడయ్యాడు. మొదట రయ్ నగరపు బీమారిస్తాన్‌కు, ఆ తర్వాత బగ్దాద్‌లోని బీమారిస్తాన్‌కు ప్రధాన వైద్యుడిగా పనిచేశాడు. ఆ రోజుల్లో ఆసుపత్రిని బీమారిస్తాన్ అనేవారు. బీమార్ అనే మాట మన ఇళ్ళలో నేటికీ ఉన్నదే.

బగ్దాద్‌లో ఆసుపత్రి కట్టడానికి స్థలం ఎంచుకోమంటే ఆయన నగరంలో పలుచోట్ల మాంసం ముక్కలు వేలాడదీయించి, ఎక్కడ మాంసం ఆలస్యంగా చెడిందో ఆ చోటును ఎన్నుకున్నాడని ఒక కథ చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. కథ బాగానే ఉంటుంది. అయితే అందులో చెప్పే అజుదీ ఆసుపత్రి ప్రారంభమైంది క్రీ.శ. 982లో, రాజీ చనిపోయిన దాదాపు అరవై ఏళ్ళకు. కనుక దానిని మేము చరిత్రగా చెప్పడం లేదు. ఆయన గొప్పతనానికి ఇలాంటి కథల అవసరం కూడా లేదు.

రోగి మాట వినే వైద్యుడు

ఆయన పాఠం చెప్పే తీరును ఇబ్నె నదీమ్ అనే గ్రంథకర్త తన ఫిహ్రిస్త్‌లో వర్ణించాడు. రాజీ మధ్యలో కూర్చుంటే చుట్టూ శిష్యులు వరుసలు వరుసలుగా కూర్చునేవారు. రోగి వచ్చి ముందుగా ఎదురైన శిష్యులకు తన బాధ చెప్పుకునేవాడు. వారికి అంతుచిక్కకపోతే లోపలి వరుసలోని వారు చూసేవారు. వారికీ తెలియకపోతే అప్పుడు రాజీ స్వయంగా మాట్లాడేవాడు. ఈ పద్ధతిలో రోగికి చికిత్స, శిష్యులకు చదువు రెండూ ఒకేసారి జరిగేవి. బీదవారి పట్ల ఆయన ఎంతో దయగా ఉండేవాడని, వారికి ధనసహాయం కూడా చేసేవాడని అదే గ్రంథకర్త పేర్కొన్నాడు. వైద్యుడు అందుబాటులో లేనివారు తమంతట తాము చికిత్స చేసుకోవడానికి వీలుగా ఆయన ఒక ప్రత్యేక పుస్తకం రాయడం కూడా ఆ దయలో భాగమే.

రాజీకి మరొక గుణం ఉండేది. ఎంత పెద్దవారు చెప్పినా పరిశీలించకుండా ఒప్పుకునేవాడు కాదు. ఆనాటి వైద్యులకు గ్రీకు వైద్యుడు జాలీనూస్ మాటంటే వేదవాక్కు. యూరప్ వారు గాలెన్ అనేది ఇతన్నే. జాలీనూస్ పట్ల గౌరవం ఉంచుకుంటూనే, ఆయన చెప్పిన వాటిలో తనకు సరికాదనిపించిన వాటిపై రాజీ ఒక గ్రంథమే రాశాడు. మెదడు పొరల వాపు లక్షణాలు కనిపించినప్పుడు రక్తం తీయడం నిజంగా మేలు చేస్తుందా అని తెలుసుకోవడానికి ఆయన కొందరు రోగులకు రక్తం తీశాడు, మరికొందరికి కావాలనే తీయకుండా వదిలి ఫలితాన్ని పోల్చాడు. రెండు వర్గాలను పోల్చి చూసే ఈ ఆలోచనే నేటి వైద్య పరీక్షలకు పునాది.

మశూచిని, తట్టును వేర్వేరు వ్యాధులుగా స్పష్టంగా వివరించిన తొలి గ్రంథం కూడా ఆయనదే. రయ్ పాలకుడు మన్సూర్ బిన్ ఇస్హాఖ్‌కు అంకితం చేసిన కితాబుల్ మన్సూరీ లాటిన్‌లోకి వెళ్ళి, శతాబ్దాల పాటు యూరప్ విశ్వవిద్యాలయాల్లో పాఠ్యపుస్తకమయింది. ఆయన రచనలను లెక్కగట్టిన అల్-బీరూనీ జాబితాలో 184 పేర్లు ఉన్నాయి.

గులాబీలు, జుకామ్

ఆ పుస్తకాలలో ఒక చిన్న పుస్తకం మన నేటి విషయానికి మూలం. దాని పేరే ఒక వాక్యమంత పొడవు. వసంత కాలంలో గులాబీలను వాసన చూసినప్పుడు అబూ జైద్ అల్-బల్ఖీకి జుకామ్ రావడానికి గల కారణం గురించిన వ్యాసం అని దాని అర్థం.

ఈ అబూ జైద్ మామూలు రోగి కాదు. నేటి అఫ్ఘానిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతంలో క్రీ.శ. 850 ప్రాంతంలో పుట్టి, ఇరాఖ్ వెళ్ళి, ప్రసిద్ధ తత్వవేత్త అల్-కిందీ దగ్గర చదువుకున్నాడు. భూగోళ శాస్త్రంలో పటాలు గీసే ఒక సంప్రదాయానికే ఆయన పేరు ఉంది. శరీరానికి, మనసుకు ఆరోగ్యం ఎలా కలుగుతుందో వివరిస్తూ ఆయన ఒక గొప్ప గ్రంథం రాశాడు. కోపం, భయం, దుఃఖం, వస్వసాల గురించి అందులో చర్చించాడు. క్రీ.శ. 934లో మరణించాడు. అంతటి పండితుడు కూడా ప్రతి వసంతంలో గులాబీలు పూయగానే ముక్కు కారుతూ కూర్చోవలసి వచ్చేది.

ఇక్కడ మనం గమనించవలసింది రాజీ వైఖరిని. ఆసుపత్రులకు అధిపతి, పాలకులకు వైద్యుడు, మశూచి వంటి ప్రాణాంతక వ్యాధుల గురించి రాసినవాడు. అటువంటివాడు ఒక మనిషి ముక్కు కారడాన్ని చిన్నవిషయమని కొట్టిపారేయలేదు. అది ఎప్పుడు వస్తోంది, దేని దగ్గరికి వెళితే వస్తోంది, అందరికీ రానిది ఈయనకే ఎందుకు వస్తోంది అని ప్రశ్నించాడు. ఆనాటి వైద్యం నాలుగు ద్రవాల సిద్ధాంతం మీద నడిచేది. కాబట్టి ఆయన జవాబు కూడా ఆ సిద్ధాంతం పరిధిలోనే ఉంది. ఆ జవాబు ఈనాడు నిలవదు. కాని ప్రశ్న మాత్రం సరిగ్గా సరైన ప్రశ్నే. వ్యాధిని ఋతువుతో, చుట్టూ ఉన్న వస్తువుతో ముడిపెట్టి చూసిన తొలి రచనల్లో అది ఒకటిగా వైద్య చరిత్రకారులు గుర్తిస్తున్నారు.

వెయ్యేళ్ళకు తేలిన సంగతి

ఆ తర్వాత ఈ వ్యాధి మీద స్పష్టత రావడానికి చాలా కాలం పట్టింది. 1819లో లండన్‌లో జాన్ బోస్టాక్ అనే వైద్యుడు ప్రతి వేసవిలో తనకే వచ్చే జలుబును వైద్యుల సంఘానికి వివరించాడు. 1873లో ఇంగ్లండ్‌కు చెందిన చార్లెస్ బ్లాక్లీ, గడ్డి పుప్పొడిని తన మీదే ప్రయోగించుకుని, దోషి ఆ పుప్పొడే అని నిరూపించాడు. ఎలర్జీ అనే మాట 1906లో పుట్టింది.

నేటి వైద్యశాస్త్రం చెప్పేది ఇది. మన శరీరంలో అల్లాహ్ ఒక రక్షణ వ్యవస్థను ఏర్పాటు చేశాడు. అది క్రిములతో పోరాడుతుంది. కొందరిలో ఆ వ్యవస్థ అమాయకమైన పుప్పొడిని కూడా శత్రువుగా పొరబడుతుంది. దానికి విరుగుడుగా ఐజీఈ అనే పదార్థాన్ని తయారుచేసి ఉంచుకుంటుంది. మళ్ళీ పుప్పొడి ముక్కులోకి వెళ్ళగానే అక్కడి కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. దానివల్లే దురద, తుమ్ములు, నీరు కారడం, ముక్కు దిబ్బడ.

మరి గులాబీ సంగతి ఏమిటి? గులాబీ పుప్పొడి బరువైనది, జిగురుగా ఉంటుంది. తేనెటీగల ద్వారా ప్రయాణిస్తుందే తప్ప గాలిలో పెద్దగా ఎగరదు. కనుక చాలామందిలో దోషి గులాబీ కాదు. అవి పూసే కాలంలోనే గాలిలో నిండిపోయే చెట్ల పుప్పొడి, గడ్డి పుప్పొడి అసలు దోషులు. అబూ జైద్ విషయంలోనూ ఇదే జరిగి ఉండవచ్చు. కంటికి కనిపించేది గులాబీ, కనిపించనిది పుప్పొడి. ఘాటైన వాసన కూడా అప్పటికే వాచిన ముక్కును మరింత రేపుతుంది. రాజీ కాలాన్ని సరిగ్గా పట్టుకున్నాడు. వస్తువును గుర్తించడానికి సూక్ష్మదర్శిని కావలసి వచ్చింది.

మన ప్రాంతంలో పొలం గట్ల మీద, ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ పుప్పొడి, సర్కారు తుమ్మ పుప్పొడి ఇలాంటివే. సంవత్సరం పొడుగునా తుమ్ములు వస్తుంటే ఇంటి దుమ్ము, పరుపుల్లోని సూక్ష్మ పురుగులు, గోడల చెమ్మకు పట్టే బూజు కారణం కావచ్చు.

మనం చేయవలసింది

వైద్యం చేయించుకోవాలా అని పల్లెవాసులైన కొందరు అరబ్బులు అడిగినప్పుడు, చేయించుకోమనే దైవప్రవక్త (స) ఆదేశించారు. వృద్ధాప్యం తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు సృష్టించాడని తెలిపారు. దుఆ, వైద్యం ఒకదానికొకటి పోటీ కాదు.

ముందుగా రాజీలాగా గమనించాలి. ఏ నెలలో మొదలైంది, ఇంట్లోనా బయటా, ఉదయమా సాయంత్రమా అని ఒక కాగితం మీద రాసుకుంటే వైద్యుడికి సగం పని తేలికవుతుంది. మామూలు జలుబులో ఒళ్ళునొప్పులు, ఒక్కోసారి జ్వరం ఉంటాయి, వారం పది రోజుల్లో తగ్గుతుంది. ఎలర్జీ జలుబులో జ్వరం ఉండదు. ముక్కు, కళ్ళు, అంగిలి దురదపెడతాయి. వారాల తరబడి సాగుతుంది.

పుప్పొడి కాలంలో గాలి ఎక్కువగా వీచే వేళ కిటికీలు మూసి ఉంచాలి. బయటి నుంచి రాగానే ముఖం కడుక్కొని బట్టలు మార్చుకోవాలి. రోగి బట్టలను ఆరుబయట ఆరవేయకపోవడం మంచిది. పొడి చీపురుతో ఊడ్చే బదులు తడిబట్టతో తుడవాలి. ఇంట్లో ఊదు, సాంబ్రాణి పొగ వేసే అలవాటు ఉంటే ఆ రోజుల్లో మానుకోవాలి. అత్తరు పూసుకోవడం మనకు ప్రియమైన ఆచారమే. కాని పక్కన నిలబడి నమాజ్ చేసే సోదరుడికి దానితో ఇబ్బంది కలుగుతుందని తెలిస్తే కొద్దిగానే పూసుకోవాలి. తుమ్మేటప్పుడు ముఖానికి చేయి గానీ బట్ట గానీ అడ్డం పెట్టుకోవడం ప్రవక్త (స) అలవాటు అన్నది మరువరాదు.

ఉప్పునీటితో ముక్కును శుభ్రం చేసుకోవడం చాలామందికి ఉపశమనం ఇస్తుంది. మరిగించి చల్లార్చిన పావు లీటరు నీటిలో అర టీస్పూనుకు మించకుండా ఉప్పు కలపాలి. మందుల దుకాణంలో దొరికే సెలైన్ స్ప్రే కూడా వాడవచ్చు. వుజూలో ముక్కులోకి నీరు ఎక్కించడం ఆరాధనలో భాగం, అది వేరు. ఈ పద్ధతిలో నీరు ముక్కు లోతుల్లోకి వెళుతుంది గనుక పచ్చినీరు వాడకూడదు.

మందుల్లో సెట్రిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ వంటి మాత్రలు తుమ్ములను, దురదను తగ్గిస్తాయి. కొన్ని పాత మాత్రలు బాగా మత్తునిస్తాయి. అవి వేసుకుని బండి నడపరాదు. ముక్కు దిబ్బడ ఎక్కువగా ఉంటే వైద్యులు ఫ్లూటికసోన్, మొమెటసోన్ వంటి స్టెరాయిడ్ స్ప్రే రాస్తారు. స్టెరాయిడ్ అనే మాట విని చాలామంది భయపడి మధ్యలోనే మానేస్తున్నారు. ఇందులో మందు మోతాదు చాలా తక్కువ, పని ప్రధానంగా ముక్కులోనే. ఒక్కరోజులో పూర్తి గుణం కనిపించదు. వైద్యుడు చెప్పినన్ని రోజులు ప్రతిరోజూ వాడాలి. తల కొద్దిగా ముందుకు వంచి, ముక్కు మధ్య గోడ వైపు కాకుండా బయటి గోడ వైపు కొట్టుకోవాలి.

ముక్కు వెంటనే తెరుచుకునే చుక్కల మందులు దుకాణాల్లో చీటీ లేకుండానే దొరుకుతాయి. వాటిని మూడు నుంచి అయిదు రోజులకు మించి వాడితే ముక్కు మరింత మూసుకుపోయి, ఆ చుక్కలకే అలవాటు పడిపోతారు. యాంటీబయోటిక్ మందులు ఎలర్జీకి పనిచేయవు. చిన్నపిల్లలు, గర్భవతులు, పాలిచ్చే తల్లులు వైద్యుడిని అడగకుండా ఏ మందూ వాడరాదు. రమజాన్‌లో రోజుకు ఒకసారి వేసుకునే మాత్రను ఇఫ్తార్ తర్వాత తీసుకోవచ్చు. స్ప్రే విషయంలో వైద్యుడిని, ఆలిమ్‌ను సంప్రదించి వేళ నిర్ణయించుకోవాలి.

ఒక విషయంలో మాత్రం అలసత్వం వద్దు. ఈ జలుబు ఉన్నవారిలో ఉబ్బసం కూడా ఎక్కువగా కనిపిస్తుంది. ముక్కు, ఊపిరితిత్తులు ఒకే దారికి రెండు చివరలు. ఛాతీలో పిల్లికూతలు, ఆయాసం, రాత్రి దగ్గు ఉంటే వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళాలి. ఒక్క రంధ్రమే ఎప్పుడూ మూసుకుపోవడం, రక్తం రావడం కూడా చూపించుకోవలసిన లక్షణాలే. మందులతో అదుపులోకి రానివారికి, పరీక్షించి కారణాన్ని నిర్ధారించి, దానినే కొద్దికొద్దిగా ఇచ్చి శరీరాన్ని అలవాటు చేసే చికిత్స కూడా ఉంది. 1911లో లండన్‌లో మొదలైన ఈ పద్ధతిని నిపుణుల పర్యవేక్షణలోనే చేయించుకోవాలి.

చివరి రోజులు

రాజీ జీవితం చివరి భాగం దుఃఖకరమైనది. ఒక మహా గ్రంథం కోసం పదిహేనేళ్ళు రాత్రింబవళ్ళు శ్రమించానని, దానితో చూపు తగ్గి చేతి కండరాలు దెబ్బతిన్నాయని, అయినా ఇతరుల చేత చదివించుకుంటూ, రాయించుకుంటూ పని సాగిస్తున్నానని ఆయనే ఒకచోట రాసుకున్నాడు. చివరికి పూర్తిగా అంధుడయ్యాడు. కళ్ళకు చికిత్స చేయించుకోమంటే, ఈ లోకాన్ని విసుగు పుట్టేంత చూశానని ఒప్పుకోలేదని చెబుతారు. ఎందరి బాధనో తీర్చిన మనిషి తన బాధ దగ్గర ఆగిపోయాడు. ఈ విషయంలో మనం ఆయనను కాదు, వైద్యం చేయించుకోమన్న ప్రవక్త (స) ఆదేశాన్ని అనుసరించాలి. క్రీ.శ. 925లో, హిజ్రీ 313 షాబాన్ నెలలో, ఆయన రయ్‌లోనే కన్నుమూశాడు.

ధర్మానికి, తత్వానికి సంబంధించి ఆయనకు అంటగట్టిన కొన్ని అభిప్రాయాలను ఉలమాలు తీవ్రంగా ఖండించారు. ఆ పుస్తకాలు నేడు లేవు. వాటిని ఎక్కువగా ప్రత్యర్థుల రాతల ద్వారానే తెలుసుకుంటున్నాం. పండితులు ఈనాటికీ దానిపై చర్చిస్తున్నారు. ఆయన అంతరంగం అల్లాహ్‌కే తెలుసు. విశ్వాసపు విషయాల్లో మనకు ఖుర్ఆన్, సున్నత్ చాలు. వైద్యంలో ఆయన చేసిన మేలును మాత్రం కృతజ్ఞతతో స్వీకరిద్దాం.

ఆయన రోగుల గురించి రాసుకున్న నోట్సును మరణానంతరం శిష్యులు కితాబుల్ హావీగా కూర్చారు. 1279లో అది లాటిన్‌లోకి వెళ్ళింది. దాని అరబీ మూలాన్ని మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ 1955 నుంచి దాదాపు పదిహేనేళ్ళ పాటు 23 సంపుటాలుగా అచ్చువేసింది. ప్రపంచంలోని పరిశోధకులు ఇప్పటికీ ఆ ప్రతినే తెరుస్తున్నారు. రాజీ కలానికి, మన ఊరికి ఉన్న బంధం ఇది.

రేపు ఉదయం మీ ఇంట్లో పిల్లవాడు తుమ్మితే అల్‌హమ్దులిల్లాహ్ అనడం నేర్పండి, మీరు దుఆ చేయండి. వరుసగా తుమ్ముతుంటే క్యాలెండర్ తీసి ఆ తేదీ మీద ఒక గుర్తు పెట్టండి. పోయిన సంవత్సరం కూడా ఇదే నెలలోనా అని ఒకసారి గుర్తుచేసుకోండి. ఆ కాగితం పట్టుకుని వైద్యుని దగ్గరికి వెళ్ళండి. వ్యాధిని ఇచ్చినవాడూ, స్వస్థతను ఇచ్చేవాడూ అల్లాహ్‌యే. ఆయన మన ఇళ్ళలోని రోగులందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.